రస్సెల్‌కి ఇల్లొచ్చింది

ఫిబ్రవరి 12, సోమవారం

ఇల్లొచ్చింది! మా రస్సెల్‌కి ఇల్లొచ్చింది! సొంతానికి ఒక గుమ్మం, ఒక వంటిల్లు, ఒక పడకగది, వెనకాల కాస్త పెరడు!

పొద్దున పౌలా ఫోన్ చేసి చెప్పింది. రస్సెల్ లాంటి వాళ్లని వాళ్ల ఇళ్లలోనే ఉంచి చూసుకునే సంస్థలో మేనేజరు ఆవిడ. ఫోన్ వచ్చినప్పుడు రొట్టెకి వెన్న రాస్తున్నాను. ఆ రొట్టె తిన్నానో లేదో ఇప్పటికీ తెలియదు. వెంటనే హల్ ఊళ్లో ఉన్న మా అమ్మాయి గిలియన్‌కి ఫోన్ చేశాను.

"నాన్నా, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అంది.

"రెండూనే తల్లీ, రెండూనూ!"

నలభై నాలుగేళ్ల కొడుకు వేరే ఇంటికి వెళ్తున్నాడని ఇంత గంతులేసే తండ్రి గ్రిమ్స్‌బీ ఊరు మొత్తంలో నేనొక్కడినే అయ్యుంటాను. వీడు పుట్టినప్పుడు డాక్టరు నడవడన్నాడు, మాట్లాడడన్నాడు, ఏదీ నేర్చుకోడన్నాడు. నడిచాడు. మాట్లాడాడు. నేర్చుకోవడం సంగతి వాడి పద్ధతిలో వాడిది. ఆరేళ్ల కింద మా ఆవిడ బెరిల్ పోతూ నా చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. నువ్వు కూడా పోయాక వాడెక్కడుంటాడు లెన్, అని. అప్పుడు దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఇవాళ జవాబు దొరికింది. హెన్షా వీధిలో ఉంటాడు బెరిల్! కింది అంతస్తు, ఎర్ర తలుపు!

ఫిబ్రవరి 26, సోమవారం

చేరాడు. నా నడుం విరిగిపోయింది, అయినా సంతోషమే.

రోజంతా వాడిది ఒకటే పాట, పుట్టిన దగ్గర్నుంచీ ఉన్నదే.

"తర్వాతేంటి?"

"పెట్టె దింపుతాం."

"తర్వాతేంటి?"

"కుర్చీ లోపలికి తెస్తాం."

"తర్వాతేంటి?"

"తర్వాత మీ నాన్న చచ్చిపోతాడు, ఊపిరి తీసుకోనీ రా!"

విరగబడి నవ్వాడు. తాళంచెవి వాడి చేతిలో పెట్టింది పౌలా. దాన్ని జేబులో వేసుకుని, తీసి చూసుకుని, మళ్లీ వేసుకున్నాడు. పగలు చూసుకోవడానికి మాండీ అనే ఆవిడ వస్తుంది. బొద్దుగా ఉంటుంది, నోరు మంచిది. "పెద్దాయనా, ఇంక నిశ్చింతగా ఉండండి. మీ బంగారాన్ని వేలు కూడా కదపనివ్వను," అంది. అప్పటికప్పుడు ఆవిడని కౌగిలించుకున్నాను. నాకేం సిగ్గు!

మార్చి 2, శనివారం

ఇలాంటి మనుషులు కూడా ఉంటారా! రస్సెల్ చొక్కా ఇస్త్రీ. జుట్టుకి పాపిడి. షూ మెరుస్తున్నాయి. మాండీ వాడి సాసేజీలు చిన్న చిన్న ముక్కలు కోసి పెట్టింది, టీలో చక్కెర కలిపి చల్లార్చి ఇచ్చింది, మూతి కూడా తుడిచింది. వంటింట్లో నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం. వాడు రాజులా కుర్చీలో కూర్చున్నాడు, ఎదురుగా టీవీ.

బెరిల్ కూడా ఇంతకన్నా బాగా చూసుకోలేదని రాయబోయి ఆగిపోయాను. అలా రాయకూడదు. అయినా బాగుంది.

మార్చి 9, శనివారం

బాగున్నాడు. చాలా బాగున్నాడు.

మార్చి 16, శనివారం

సాయంత్రం కాస్త ముందు వెళ్లాను, పోర్టు దగ్గర కొన్న పొగ పట్టించిన హాడాక్ చేప పట్టుకుని. నలభై ఏళ్లు ఇలాంటి చేపలకి పొగ పట్టించే పనే నాది. కొనుక్కుని తినాల్సి రావడం వేరే సంగతి. ఐదు కూడా కాలేదు. రస్సెల్ అప్పటికే రాత్రి బట్టల్లో ఉన్నాడు.

"ఇప్పుడే పడకేంటమ్మా?" అన్నాను నవ్వుతూ.

"నేను ఐదున్నరకి వెళ్లిపోతా కదా పెద్దాయనా. సాయంత్రం వచ్చే అబ్బాయి అలా తొంగిచూసి పోతాడంతే, బట్టలవీ వాడికి రావు. అందుకే నేనే స్నానం చేయించి, మార్చేసి వెళ్తా. వెచ్చగా ఉంటుంది కదా, ఏం బంగారూ?"

రస్సెల్ తల ఊపాడు.

వెచ్చగానే ఉంటుంది. ఎండాకాలం ఇంకా రాలేదు. ఎంత ముందుచూపు ఆవిడకి!

చేపని మాండీ ఫ్రిజ్‌లో పెట్టింది. ముళ్లుంటాయి, రేపు తనే తీసి పెడుతుందిట.

మార్చి 19, మంగళవారం

గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాను. మొన్నటికన్నా నీరసంగా కొట్టుకుంటోందిట. మెట్లు తగ్గించమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు. ఆలోచనలు కూడా తగ్గించమన్నాడు. ఆలోచించడానికి ఇంకేముందయ్యా, మా వాడికి ఇల్లొచ్చింది అని ఆ పిల్ల డాక్టరుకి అంతా చెప్పాను. పాపం, బయట జనం ఎదురుచూస్తున్నా విన్నాడు.

ఏప్రిల్ 6, శనివారం

ఒక సంగతి గమనించాను. రస్సెల్ "తర్వాతేంటి?" అనడం మానేశాడు. ఇవాళ నేనున్నంత సేపూ ఒక్కసారి కూడా అనలేదు. నలభై ఏళ్లు ఆ మాటతో చెవులు చిల్లులు పడ్డాయి. బెరిల్ ఉన్నప్పుడు ఇద్దరం ఒక్క పూట, ఒక్క పూట ఆ మాట వినకుండా ఉంటే చాలు అనుకునేవాళ్లం.

"కుదురుకున్నాడు," అంది మాండీ. "వచ్చినప్పుడు చూడాలి, ఒకటే నస. ఇప్పుడు ఎంత బుద్ధిమంతుడో!"

కుదురుకున్నాడు. కొంచెం లావయ్యాడు కూడా. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో.

బాగున్నాడు.

ఏప్రిల్ 20, శనివారం

ఒళ్లు మండిపోతోంది. ఉప్పు తినొద్దన్నారు గానీ కోపం తెచ్చుకోవద్దని ఎవరూ అనలేదు.

మాండీకి నడుం పట్టేసి పది రోజులుగా రావడం లేదుట. నాకెవరూ చెప్పలేదు. నేను జలుబుతో మంచం దిగలేదు, ఫోన్లో వాడితో మాట్లాడదామంటే వాడు ఫోన్లో నోరు విప్పడు. సరే, ఇవాళ వెళ్లి బెల్లు కొట్టాను. ఎవరూ రారే. మళ్లీ కొట్టాను. లోపల అడుగుల చప్పుడు, గొళ్లెంతో కుస్తీ. చలిగాలిలో అలా నిలబెట్టి నిలబెట్టి చివరికి తలుపు తెరుచుకుంది. తెరిచింది రస్సెల్! చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. బొటనవేలికి పట్టీ.

"నాన్న," అన్నాడు. "దుంపలు. తర్వాతేంటి?"

లోపలికెళ్లి చూద్దును కదా, వంటిల్లు కురుక్షేత్రం. నేలంతా నీళ్లు, నీళ్లలో బంగాళాదుంపల చెక్కు. కుర్చీలో ఒక కొత్త మనిషి, సన్నగా, నడివయసు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే దానిలా కూర్చుని ఉంది.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"కూర్చున్నానండి."

"అది కనిపిస్తూనే ఉంది."

"నా పేరు రూటా. మీరూ కూర్చోండి. ఇంకా మూడు దుంపలున్నాయి."

"వాడి వేలు తెగింది కదమ్మా!"

"అవును, తెగింది. తనే కడుక్కున్నాడు, తనే పట్టీ వేసుకున్నాడు. రెండు పట్టీలు పాడయ్యాయి, మూడోది అతుక్కుంది." అదేదో పెద్ద ఘనకార్యంలా చెప్పింది.

రస్సెల్ మళ్లీ సింకు దగ్గర నిలబడ్డాడు. చెక్కు తీయడం కాదది, దుంపని చెక్కేస్తున్నాడు. కోడిగుడ్డంత దుంప గోలీకాయంత అయింది. చెయ్యి జారింది, దుంప నేల మీద పడింది, వాడు వంగి వెతుకుతున్నాడు. ఆ మనిషి కదలదే! చూస్తూ కూర్చుంది! ఎంత సేపని చూడను, నేను లేచి "ఇటివ్వరా" అన్నాను. ఇచ్చేశాడు. అడిగితే చాలు ఇచ్చేస్తాడు, మంచివాడు. మిగతావన్నీ చిటికెలో ఒలిచి, నేల తుడిచి, గుండీలు సరిచేశాను. రస్సెల్ వెళ్లి టీవీ ముందు కుర్చీలో కూర్చున్నాడు.

నేను కోటు వేసుకుంటుంటే ఆవిడ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "ఆయన చేస్తుంటే చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉందా మీకు?"

"నీకు మాత్రం చాలా తేలిగ్గా ఉన్నట్టుందే," అన్నాను.

భలే అన్నాను. బస్సులో తలుచుకుని తలుచుకుని సంతోషించాను. పాపం వాణ్ణి ఎంత కలవరపెట్టిందో ఏమో, ఎన్నాళ్లకో మళ్లీ తర్వాతేంటి తర్వాతేంటి మొదలుపెట్టాడు.

ఏప్రిల్ 22, సోమవారం

పౌలాకి ఫోన్ చేసి కడిగేశాను.

"అది ఆవిడ బద్ధకం కాదు లెన్ గారూ," అంది. "చేసిపెట్టకుండా, వాళ్ల చేతే చేయించాలనే మా శిక్షణలో చెప్పేది. అంత ఓపిక ఎవరికీ ఉండక మానేస్తుంటారు."

"కూర్చోవడానికి శిక్షణ కూడానా! నాకివ్వండి, నేనూ కూర్చుంటా! వేలు తెగిందమ్మా మా వాడికి!"

"మీరు తండ్రి. మీకు నమ్మకం లేకపోతే ఆవిణ్ణి వేరే ఇంటికి పంపిస్తాను," అంది.

"పంపించండి," అన్నాను.

రాత్రి గిలియన్‌కి చెప్తే, "వాణ్ణి అడిగావా నాన్నా?" అంది. ఏమని అడగాలి? వాడికేం తెలుసు పాపం.

మే 4, శనివారం

మాండీ వచ్చేసింది. ఇల్లు అద్దంలా ఉంది. వేలు మానిపోయింది.

మే 11, శనివారం

బాగున్నాడు.

మే 18, శనివారం

వాణ్ణి క్లీథోర్ప్స్ బీచికి తీసుకెళ్తానని వారం ముందే చెప్పాను. సముద్రం పక్కన నడిచి, చేపా చిప్సూ తిని, తీరం వెంట తిరిగే చిన్న రైలెక్కి రావాలని. వాడికి ఆ రైలంటే ప్రాణం. ఎండ కాస్తోంది. మంచి చొక్కా తొడుక్కున్నాను, వాడికోసం కొత్త టోపీ కూడా కొన్నాను.

రెండింటికి వెళ్లాను. మాండీ తలుపు తీసింది.

రస్సెల్ రాత్రి బట్టల్లో ఉన్నాడు.

పడుకున్న మనిషి లేవలేదేమో, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. కాదు. పొద్దున మాండీ చక్కగా తొడిగిందిట, బయటికెళ్లే బట్టలే. భోజనం అయ్యాక తనే గదిలోకి వెళ్లి, అవి విప్పేసి, ఇవి తొడుక్కుని వచ్చి కూర్చున్నాడుట.

"తనంతట తనే, పెద్దాయనా!" అని మాండీ పొట్ట పట్టుకుని నవ్వింది. "నేను చెయ్యి వెయ్యకుండా! గుండీలన్నీ సరిగ్గా పెట్టుకున్నాడు కూడా, చూడండి!"

నేనూ నవ్వాను. గుండీలు నిజంగానే సరిగ్గా ఉన్నాయి.

"సముద్రం రా రస్సెల్," అన్నాను. "రైలు."

టీవీ వైపు చూస్తున్నాడు. టీవీలో ఎవరో ఇల్లు కొనుక్కుంటున్నారు.

"తర్వాతేంటని అడగవేంరా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

నావైపు చూశాడు. "పడుకోవడం," అన్నాడు.

టోపీ వాడి తల మీద పెట్టాను. వద్దనలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను.

మే 19, ఆదివారం

రాయడానికేమీ లేదు. ఆ రాత్రి బట్టలు నీలం రంగువి, తెల్ల గీతలు. బెరిల్ కొన్నవి కాదు. కొత్తవి. మాండీ కొనిపెట్టింది, తన డబ్బుతో.

మే 21, మంగళవారం

గిలియన్ గంట సేపు మాట్లాడింది. అంటే నేను మాట్లాడాను, అది వింది. రాత్రి బట్టల సంగతి చెప్పాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఆ దుంపల ఆవిణ్ణి వెనక్కి పిలిపించు నాన్నా."

"ఎలా పిలిపిస్తానే? నేనే కదా పంపెయ్యమని గొడవ చేసింది. ఇప్పుడు మళ్లీ గొడవ చేస్తే, ఈ ముసలాయనతో పడలేం, మీ వాణ్ణి తీసుకుపొండి అంటారు. నా దగ్గర ఇంకెన్నాళ్లు..."

"ఎవరు తీసుకుపొమ్మంటారు?"

"వాళ్లే. ఇల్లు వాళ్లది కదా."

"నాన్నా! ఇల్లు వాళ్లదని ఎవరన్నారు? ఇల్లు రస్సెల్‌ది. అద్దె ఒప్పందం రస్సెల్ పేరు మీద, ఇంటివాళ్లు వేరు, చూసుకునేవాళ్లు వేరు. అందుకే కదా ఇన్నేళ్లు ఆగి ఇది తీసుకుంది! నచ్చకపోతే మారేది వాళ్లు, వాడు కాదు. సంతకం పెట్టేటప్పుడు పక్కనే కూర్చున్నావు కదా!"

కూర్చున్నాను. ఆ రోజు ఆనందంలో ఒక్క ముక్క వింటే ఒట్టు. ఇన్నాళ్లూ నేను ఆ ఇంటికి చుట్టంలా, నోరు దగ్గర పెట్టుకుని, మాండీ ఏం పెడితే అది బాగుందని వచ్చేవాణ్ణి. మా వాడింట్లో! వాళ్లు వాడింటికి వచ్చేవాళ్లుట!

రేపు పౌలాకి ఫోన్ చేయాలి.

మే 22, బుధవారం

చేశాను. మందలిస్తుందనుకున్నాను. "సరే లెన్ గారూ, అందరం కూర్చుని మాట్లాడదాం. కానీ మీ మాట మీద ఒకసారి మార్చాను, మళ్లీ మీ మాట మీద మార్చను. ఈసారి రస్సెల్‌ని అడుగుతాను," అంది.

వాడు చెప్పకపోతే?

వాడు ఎవర్నీ, దేన్నీ కాదనడు. ఏదడిగినా తల ఊపుతాడు. టీ కావాలా అంటే ఊపుతాడు, వద్దా అంటే ఊపుతాడు. ఇంతవరకు వాణ్ణడిగిన ప్రతిదానికీ జవాబు నేనో బెరిల్లో చెప్పాం.

జూన్ 5, బుధవారం

ఇది నెమ్మదిగా రాయాలి. ఒక్కటి కూడా పోకూడదు.

రస్సెల్ ఇంట్లోనే కూర్చున్నాం. వాడు, నేను, గిలియన్, పౌలా, మాండీ. పౌలా ముందు బెల్లు కొట్టి, వాడు తలుపు తీసేదాకా బయటే నిలబడింది. ఆ మర్యాద చూసి నేను నిటారుగా కూర్చున్నాను.

పౌలా నన్ను ముందు అడిగింది, ఎలా ఉంది మీ అబ్బాయికి ఇక్కడ అని. ఇంకేముంది, మొదలుపెట్టాను. ఇల్లు రావడం దగ్గర్నుంచి చేప దాకా, చేప దగ్గర్నుంచి సముద్రం దాకా. గిలియన్ బల్ల కింద నా కాలు తన్నింది. రెండోసారి గట్టిగా తన్నింది. ఆపాను.

అప్పుడు పౌలా కుర్చీ రస్సెల్ వైపు తిప్పుకుంది. "రస్సెల్, ఇది నీ ఇల్లు. పొద్దున నీ ఇంటికి ఎవరు రావాలి?"

వాడు తల ఊపాడు.

"తొందరేం లేదు," అంది పౌలా. అని ఊరుకుంది.

ఎంత సేపు! ఫ్రిజ్ గుర్రుమనడం వినిపిస్తోంది. వీధిలో ఎవరో కుక్కని తిట్టుకుంటూ పోయారు. వాడు బల్ల మీద మరకని వేలితో రుద్దుతున్నాడు. నా నాలుక చివర ఉంది ఆ పేరు. నోరు తెరిస్తే చాలు పడిపోతుంది. వాడికి సాయం చేసినట్టవుతుంది కదా, వాడు ఇబ్బంది పడుతున్నాడు కదా అని లోపలొకటే గొడవ. గిలియన్ నా చెయ్యి పట్టుకుంది. ప్రేమతో కాదు, గోళ్లు దిగేలా. నా గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది, నీరసంగా, తప్పటడుగులేస్తూ. ఇప్పుడు కాదు, ఇప్పుడు మాత్రం ఆగకు అని దాన్ని బతిమాలుకున్నాను. వీడొక మాట చెప్పేదాకా ఆగకు.

రస్సెల్ వేలు ఆపాడు.

"కూర్చునే ఆమె," అన్నాడు.

గిలియన్ నా చెయ్యి వదిలింది.

"ఎవరు రస్సెల్?" అంది పౌలా.

"కూర్చునే ఆమె. దుంపలు నేను. ఆమె కూర్చుంటుంది." నావైపు తిరిగాడు. "నాన్న తీసుకున్నాడు."

అవును, తీసుకున్నాను. వాడి చేతిలోంచి తీసుకున్నాను.

మాండీ ఏడ్చింది. "నేనేం తక్కువ చేశాను బంగారూ? అన్నీ చేశాను కదా. ప్రేమగా చేశాను కదా," అంది. అది నిజం. ఇక్కడ రాస్తున్నాను, అది నిజం. రస్సెల్ లేచి వెళ్లి ఆవిడ వీపు మీద తట్టాడు, వాళ్లమ్మ వాడికి తట్టినట్టు. కానీ మాట మార్చలేదు. పౌలా మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాడు.

పగలు రూటా, వారానికి రెండు మధ్యాహ్నాలు మాత్రం మాండీ. మాండీ ముందు కొన్నాళ్లు రూటాతో పాటు వచ్చి చూడాలి. రాత్రి బట్టలు వాడెప్పుడు వేసుకుంటే అప్పుడే. సాయంత్రం వచ్చే అబ్బాయి తొంగిచూసి పోవడం కుదరదు, కూర్చోవాలి.

బయటికొచ్చాక గిలియన్ కారులో కూర్చుని స్టీరింగు మీద తల పెట్టుకుంది. "నాన్నా, వాడు కాదన్నాడు. ఎప్పుడైనా విన్నావా వాడు ఒక మనిషిని కాదనడం?"

వినలేదు.

జూన్ 10, సోమవారం

రూటా వచ్చింది. మంచి మనిషని నేను మొదటి రోజే అనుకున్నాను. ఇంచుమించు.

జూన్ 15, శనివారం

సాక్సులు రెండు రంగులవి. గడ్డం సగం గీసుకున్నాడు, సగం వదిలేశాడు. ఇల్లు మురికి.

రూటాతో, "ఆ రోజు అలా అన్నందుకు ఏమీ అనుకోకమ్మా," అందామని మాటలన్నీ సిద్ధం చేసుకెళ్లాను. నోరు తెరిచేలోపే, "ఆ కుర్చీ తడిగా ఉంది, ఇందులో కూర్చోండి," అంది. అంతే. మొహమాటం లేని మనిషి. మొన్న పొయ్యి మీద గుడ్లు పెట్టించి, తను కూడా మర్చిపోయి, గిన్నె మాడగొట్టారుట ఇద్దరూ కలిసి. "తప్పు నాదే," అంది. రస్సెల్ ఆ మాడిన గిన్నెని నాకు మూడుసార్లు చూపించాడు, ముక్కు పగిలేలా వాసన చూపించాడు.

జూన్ 22, శనివారం

వాడు వండాడు! నేను తిన్నాను!

పదకొండింటికి మొదలుపెట్టారు. నేను వెళ్లేసరికి దుంపలు సగం అయ్యాయి. రూటా నాకు కుర్చీ చూపించింది. నేనూ ఆవిడలాగే చేతులు తొడల కింద పెట్టుకున్నాను. ఆ మహాతల్లి అలా ఎందుకు కూర్చుంటుందో ఇప్పుడు తెలిసింది. పెట్టుకోకపోతే చేతులు వాటంతటవే లేచిపోతాయి. దుంప జారినప్పుడల్లా నా భుజాలు లేచాయి. చాకు పట్టినప్పుడు కళ్లు మూసుకున్నాను.

"కళ్లు తెరవండి," అంది రూటా. "ఆయన మిమ్మల్ని చూస్తున్నాడు."

తెరిచాను. నిజంగానే చూస్తున్నాడు, నేను లేస్తానేమోనని. లేవలేదు.

"తర్వాతేంటి?" అన్నాడు రూటాతో.

"నువ్వే చెప్పు."

ఆలోచించాడు. పెదవి కొరుక్కున్నాడు. "నీళ్లు," అన్నాడు. "తర్వాత పాలు. తర్వాత చేప."

పాలలో ఉడికించిన హాడాక్. ముళ్లు వాడే తీశాడు, సగం తీశాడు, మిగతా సగం నేను పళ్లతో తీసుకున్నాను. దుంపలు లోపల పచ్చి. నా బతుకంతా చేపల మధ్యే గడిచింది, ఇంత మంచి చేప తిన్న గుర్తు లేదు. మూడున్నర అయింది భోజనం పూర్తయ్యేసరికి. కడుపులో ఎలుకలు పరిగెత్తడం మానేసి పడుకున్నాయి కూడా.

బస్సులో ఒక పెద్దావిడ అడిగింది, ఏమైంది బాబూ అంత నవ్వుకుంటున్నావు అని. ఆవిడకి మొత్తం చెప్పాను. ఆవిడ దిగాల్సిన చోటు దాటిపోయింది.

జూలై 2, మంగళవారం

డాక్టరు మందులు మార్చాడు. ఎన్నాళ్లని అడగలేదు. ఎన్నాళ్లైనా సరే, వాడింట్లో వాడి మాట చెల్లుతుంది. అడగడానికి భయం లేదు, అవసరం లేదంతే.

కొంచెం భయం.

జూలై 6, శనివారం

వాడు పిలిచాడు! అందరినీ పిలిచాడు! రూటా చెప్పించలేదు, నేను చెప్పించలేదు, దేవుడి మీద ఒట్టు. టీ తాగుతుంటే దానంతటదే వచ్చింది ఆ మాట.

"ఆదివారం," అన్నాడు. "అందరూ. నా ఇల్లు. చేప."

"ఎవరెవర్రా అందరూ?" అన్నాను. నేను పేర్లు అందించబోయి నోరు మూసుకున్నాను. వాడే ఒక్కొక్కటీ చెప్పాడు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలతో. ఆఖరి పేరు విని రూటా ఎవరండీ ఆవిడ అంది. నేను టీ కప్పు కింద పెట్టేశాను.

పిలుపు రేపటికి కాదు, ఆ పై ఆదివారానికి. ఈ రాత్రికే పేర్లు రాసి పెట్టుకుంటున్నాను, రేపు పొద్దున్నే చెప్పాలి.

గిలియన్. ఫోన్లో సగం చెప్పేశాను దానికి, అయినా మళ్లీ చెప్పాలి, అరవాలి. కుర్చీలు తెమ్మనాలి, వాడికి నాలుగే ఉన్నాయి.

గిలియన్ పిల్లలు ఓవెన్, టెస్. ఒంటిగంటకి రమ్మంటే భోజనం నాలుగింటికని ముందే చెప్పాలి. ఏదైనా తినేసి రండి, కానీ తిన్నట్టు కనపడకూడదు.

మా చెల్లెలు ఐరిస్. కూర వండి తేవద్దని గట్టిగా చెప్పాలి. చేతులు ఊరుకోవు దానికి. నా పక్కనే కూర్చోబెట్టుకోవాలి.

ఐరిస్ మొగుడు క్లిఫ్. చెవుడు. రెండుసార్లు చెప్పాలి. ముళ్లుంటాయని మూడోసారి కూడా చెప్పాలి.

బెరిల్ అక్క మ్యూరియెల్. వీడు ఉయ్యాలలో ఉండగా, వీడికి పేరు పెట్టకముందే ఏదైనా ఆశ్రమంలో ఇచ్చేసి మర్చిపొండి అంది. బెరిల్ ఆ తర్వాత ఆవిడతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. వీడికి ఆవిడ పేరెలా తెలుసో. తొంభై దాటి ఉంటుంది, స్కెగ్‌నెస్‌లో ఉందని ఐరిస్ అంటుంది. ఈవిడకి నేను చెప్పను. వాడే చెప్తానన్నాడు, ఫోన్లో, వాడి నోటితో. ఫోన్లో మాట్లాడడానికి వాడికెంత సేపు పడుతుందో తెలియదు. పట్టనీ. నేను పక్కన కూర్చుంటాను.